తోక తెప్ప జవాబు

1. చలిగాలి. అల తక్కువ.

అమ్మ దయవల్ల ఐదు తెప్పలూ ఒక్క వరసలో ఉన్నాయి.

లేవగానే సొరచేప నూనె కాచాను. భూమి నూనె నిండుకున్నాక గొట్టంలో ఇదే పోస్తున్నాం. కంపుకి అలవాటు పడ్డాం. చలికి పేరుకుపోవడమే దీని జబ్బు. ఈ పొద్దున గొట్టం మూతి దగ్గర వెన్నలా గడ్డకట్టింది. వేడినూనె పోసి కరిగించాను. గూట్లో గంగమ్మకి దీపం పెట్టి, అమ్మ డప్పు ఒకసారి మోగించి, మీట ముందు కూర్చున్నాను.

ఎటు తిరగాలో, ఎంత తొయ్యాలో ముందు తెప్ప మీద సరంగు చెబుతాడు. ఇసుక సీసా తిరగేసి నేను మీట నొక్కుతాను. ప్రతి తెప్ప మీదా ఇలాంటి సీసా ఉంది, అన్నీ ఒకేసారి ఖాళీ అవుతాయి, సీసాకి ఒక మాట. గొట్టంలో నూనె కదిలి ఆ మాట వెనక తెప్పలకి పోతుంది. అక్కడ గొట్టం మూతికి కట్టిన తోలు ఉబ్బి ముల్లు కదులుతుంది. అది చూసి కాపలా మనిషి తన తెప్ప కింద నీటి పంకాలు తిప్పి, అందిందని ఇనప గొట్టం మీద సుత్తితో కొడతాడు. రెండో తెప్ప రెండు దెబ్బలు, మూడోది మూడు, అలా తోక తెప్ప ఐదు. ఇనుములో దెబ్బ పరుగున వచ్చేస్తుంది. నూనెలో మాట మాత్రం నడిచి వెళుతుంది.

ఆ నడకని ప్రార్థనతో కొలుస్తాను. మా అమ్మ నేర్పింది.

'అమ్మా గంగమ్మా, ముందున్నవాళ్ళని ఆపు, వెనకున్నవాళ్ళని చేర్చు, మధ్యన మమ్మల్ని నలగనీకు.'

ఎండాకాలం 'ఆపు' అనేసరికి రెండో తెప్ప పలికేది. 'చేర్చు' దగ్గర మూడోది. 'మధ్యన' అంటుండగా నాలుగోది, అక్కడ కాపలా మా చెల్లెలు ఎర్నమ్మ. 'నలగనీకు' దగ్గర తోక. అక్కడ మా తమ్ముడు దానేసు.

ఇవాళ నాలుగు, ఐదు కలిసి పలికాయి. నాలుగు ఆలస్యమని సరంగు గవరయ్యకి చెప్పాను. చెప్పడం నా విధి.

"నీ సెల్లెలు ముసిల్దయిపోనాది, మరిడమ్మప్పా" అన్నాడు. "తమ్ముడు సూడు, సివరాకర్నుండి కూడా టంచనుగా కొడతన్నాడు."

సంతోషించాను. తమ్ముడు కదా.

2. చలి ఎక్కువ. అల మోస్తరు.

మూడో తెప్పకీ నాలుగోదానికీ మధ్య వంతెన మీద బోడెమ్మ మొగుడు చేపల తట్టతో నడుస్తున్నాడు. మూడోది ఆగింది. నాలుగోది ఆగలేదు. వెనక నుంచి ఎవరో తన్నినట్టు వచ్చి పడింది. వంతెన విరిగి అతను సందులో జారాడు. తెప్పలు రెండూ కలిసి, విడిపోయి, మళ్ళీ కలిశాయి.

పైకి తీసినది ఒక గోనెసంచిలో పట్టింది. బోడెమ్మ ఆ సంచి ఎవరినీ పట్టుకోనివ్వలేదు. తనే మోసుకెళ్ళి నీళ్ళలో వదిలింది. తట్టలో చేపలు కొన్ని ఇంకా ఎగురుతున్నాయి.

సాయంత్రం నాలుగో తెప్ప స్తంభానికి ఎర్రగుడ్డ కట్టారు. ఎర్రగుడ్డ కట్టిన తెప్ప వల్ల ఇంకొక్క తప్పు జరిగితే గొలుసులు నరికి వదిలేస్తారు. వరస తప్పిన తెప్ప మిగతావాటిని పొడిచి ముంచేస్తుంది కాబట్టి అది మా కట్టుబాటు. ఒకప్పుడు ఏడు తెప్పలం. నరికిన రెండింటి జవాబులూ గొట్టం తెగేదాకా వస్తూనే ఉన్నాయి. ఆ దెబ్బలు విన్నది నేనే.

చెల్లెలికి గంజి తీసుకెళ్ళాను. ఎవరో విసిరిన ఇనపముక్క తగిలి కనుబొమ్మ చిట్లింది. కన్ను మూసుకుపోయింది.

"పంకా తిప్పడం ఆలస్యం అవుతోందా?" అన్నాను.

"నాకు ముల్లు కదిల్తేనే కదప్పా తిప్పీది! కదలగానే తిప్పుతున్నాను. మాటే నా కాడికి నిదానంగా వొత్తంది." గంజి తాగి మూతి తుడుచుకుంది. "ఎనకమాల నుండి ఒకటే తన్నులు. గేదిని కట్టుకున్నట్టున్నాది."

"దానేసు సరిగ్గానే పలుకుతున్నాడే."

"ఆడికేటి, సిన్నప్పట్నుంచీ ఆడే మంచోడు. దెబ్బలు తిన్నీదాన్ని నాను." నవ్వబోయి కన్ను పట్టుకుంది. "నూనె కంపు కొడతన్నావు, ఎళ్ళి నీళ్ళోసుకో."

3. చలి. దక్షిణాన మబ్బు.

ఇవాళ తోక, నాలుగోదానికంటే ముందు పలికింది.

సీసా తిరగేసి మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే. మూడోసారి కళ్ళు మూసుకుని, ప్రార్థనలో ఏ మాట దగ్గర ఏ దెబ్బ పడుతోందో విన్నాను. 'ఆపు' దగ్గర పలకాల్సిన రెండోది 'చేర్చు' దాకా జారింది. మూడోది 'మధ్యన' దాటింది. నాలుగోది ప్రార్థన అయిపోయాక గానీ రాలేదు. చలికి నూనె చిక్కబడింది, అందరికీ మాట ఆలస్యంగా అందుతోంది. దూరమున్నవాళ్ళకి ఇంకా ఆలస్యం.

తోక ఒక్కటే 'నలగనీకు' దగ్గర. ఎండాకాలం ఎక్కడో, ఇప్పుడూ అక్కడే.

మాట నాలుగోదాన్ని దాటి కదా తోకకి చేరాలి. చేరకముందే తమ్ముడు ఎలా పలుకుతున్నాడు?

గూటి ముందు కూర్చున్నాను. దానేసు మాట వినడం లేదు. ఇసుక సీసా చూసి, పాత లెక్కన కొడుతున్నాడు. పంకాలు అంచనాకి తిప్పుతున్నాడు. ఆ అంచనా తప్పినప్పుడు తోక వెళ్ళి నాలుగోదాన్ని పొడుస్తోంది, నాలుగోది మూడోదాన్ని. బోడెమ్మ మొగుణ్ణి నలిపింది నాలుగోది కాదు.

నేను చెబితే తోక నరుకుతారు. అక్కడ తమ్ముడు, తమ్ముడి పిల్లలు, ఇంకా వందమంది పైన. చెప్పకపోతే నాలుగోది. అక్కడా అంతే. అక్కడ చెల్లెలు.

సరంగు దగ్గరికి వెళ్ళాను. "సరంగుబాబూ, చలికి నూనె నడవడం లేదు. మాట తోక దాకా చేరి జవాబు వచ్చేవరకూ ఇంకో మాట పంపకుండా ఆగుదాం. అందరం నిదానంగా తిరుగుదాం."

"వాయిగుండం వొత్తంది, కళ్ళేటి కనిపిత్తన్నాయా నీకు?" అన్నాడు. "ఆగితే అడ్డంగా తిరిగిపోతాం. ఆలిస్సెమైనోళ్ళని మోసుకుంటూ కూకుంటే అందరం పోతాం. ఈ మాట అనీది ఎవురు? ముద్దాయి అప్ప."

తోక సంగతి చెప్పలేదు. నోటి చివరిదాకా వచ్చింది. అమ్మని బలమడిగాను గానీ, దేనికి బలమో చెప్పలేదు.

4. గాలి. అల ఎత్తు పెరిగింది.

పొద్దున్నే నాలుగోది మళ్ళీ వచ్చి గుద్దింది. ఈసారి ఇద్దరు పిల్లలు. ఒక పిల్ల కాలు మోకాలి దగ్గర ఊడింది. రెండో పిల్ల దొరకలేదు.

గొడ్డళ్ళు బయటికి వచ్చాయి. నాలుగోదాన్ని తప్పించి తోకని తెచ్చి మూడోదానికి కడదామని సరంగు చెప్పాడు. నేను మీటకి తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుని నడిచాను.

వెళ్ళేసరికి ఎర్నమ్మని కాపలా గదిలోంచి ఈడ్చుకొచ్చారు. సుత్తి వదలమంటే వదల్లేదట. మణికట్టు మీద గొడ్డలి మడమతో కొట్టారు. చెయ్యి పక్కకి వేలాడుతోంది. జుట్టు బోడెమ్మ పిడికిట్లో ఉంది.

"నా మొగుడు ఎంత మిగిల్నాడో తెలుసా నీకు? సంచికి సగం!" అంటోంది బోడెమ్మ. ఒక్కొక్క మాటకీ తలని గొలుసు దిమ్మకేసి కొడుతోంది. "సంచికి సగమే!"

"బోడెమ్మా" అన్నాను.

"నువ్వు మాటాడకు. పూజలమ్మ! నీ సెల్లెలని దాసీసినావు."

"దాచలేదు. ఆలస్యమని చెప్పింది నేనే." గొట్టం మీద చెయ్యి వేశాను. "ఒక్క సీసా తిరిగేదాకా ఆగు. అంతే అడుగుతున్నాను. తర్వాత మీ ఇష్టం."

సరంగు గొడ్డళ్ళవాళ్ళని ఆపాడు. నా మీద గౌరవంతో కాదు. మీట దగ్గర ఉండాల్సిన నేను ఇక్కడ ఉండడం అతన్ని కలవరపెట్టింది. "మీట కాడ ఎవురున్నారు?"

తాళంచెవి చూపించాను. "ఎవరూ లేరు. ఈ సీసాకి మాట పోదు. గొట్టం మీద చేతులు పెట్టి అందరూ వినండి."

నాలుగో తెప్ప సీసా ఖాళీ కాగానే తిరగేశాను. మాట లేక తెప్పలు మూలుగుతున్నాయి. గొలుసులు బిగుసుకుంటున్నాయి. గొట్టం మీద పదిపదిహేను చేతులు, కొన్నింటి మీద నా చెల్లెలి రక్తం. ప్రార్థన పైకే చదివాను.

'ముందున్నవాళ్ళని ఆపు.' రెండోది పలకలేదు. 'వెనకున్నవాళ్ళని చేర్చు.' మూడోది పలకలేదు. మాటే పోనప్పుడు ఎందుకు పలుకుతాయి?

'మధ్యన మమ్మల్ని నలగనీకు.'

ఐదు దెబ్బలు. గట్టిగా, టంచనుగా.

ఎవరూ చెయ్యి తియ్యలేదు. ఎర్నమ్మ నేల మీద నుంచి నా మొహంలోకి చూసింది. "ఒలప్పా" అంది మెల్లగా. "ఏటి పని సేసినావే!"

బోడెమ్మ ఆమె జుట్టు వదిలేసింది. గొడ్డలి ఎత్తుకుని వెనక్కి, తోక వైపు పరిగెత్తింది. అందరూ ఆమె వెంట.

నేను పరిగెత్తలేను. చేరేసరికి తోక వంతెన మీద ఒకణ్ణి నీళ్ళలో తోసేశారు. తోకవాళ్ళు కర్రలతో, గేలాలతో అడ్డుపడ్డారు. గేలం ఒకడి బుగ్గలో దిగి నోట్లోంచి వచ్చింది. అరుపులు. గుమ్మంలో దానేసు నిలబడ్డాడు, చేతిలో సుత్తి.

"అప్పా, నువ్వే సెప్పినావా?"

"నేనే."

తల ఊపాడు. కోపం లేదు. "తోలు సిరిగిపోనాదప్పా, సలి మొదలవగానే. ముల్లు కదల్దు. తోలు అడిగితే తెప్పకి ఎర్రగుడ్డ కడతారని గొట్టం మూతి బిగించీసి, సీసా సూసి కొడతన్నాను. అలని సూసి తిప్పుతున్నాను. శానా వరకూ సరిపోనాది."

"నా మొగుడికి సరిపోనేదు" అంది బోడెమ్మ.

అతను ఆమె వైపు తిరిగాడు. "నేదు. తప్పే, బోడెమ్మొదినా."

ఆమె గొడ్డలి దించింది. అతని కుడి భుజం మీద పడింది. రెండో దెబ్బకి చెయ్యి, సుత్తితో పాటు, గుమ్మంలో పడింది. వేళ్ళు సుత్తిని వదల్లేదు.

అదే సమయంలో గొడ్డళ్ళవాళ్ళు గొలుసు మీద పడ్డారు. తోకకి గొలుసులు రెండు. మొదటిది ఊరికే తెగలేదు. బిగుసుకుని ఉన్నది కొరడాలా లేచింది. ఒకడి తల ఉన్నచోట తల లేదు. ఇంకొకడు రెండు మోకాళ్ళ మీద నిలబడి ఉన్నాడు, మోకాళ్ళ కింద ఏమీ లేవు. తోక పక్కకి వాలింది. పిల్లల ఏడుపు. రెండో గొలుసు మీదికి గొడ్డలి లేచింది.

ఆ గొడ్డలి కిందికి వెళ్ళి గొలుసు మీద కూర్చున్నాను.

"లెగు" అన్నాడు సరంగు.

"చిరిగింది ఒక తోలు" అన్నాను. "తోలు కడితే తోక వింటుంది. ఇది నరికితే రేపు నాలుగోది భయపడి అబద్ధం కొడుతుంది. ఎల్లుండి మూడోది. ఆలస్యమైతే చంపుతామని నువ్వు చెప్పావు, వాడు ఆలస్యం కాకుండా చూసుకున్నాడు. ఆఖరికి నీ తెప్ప ఒక్కటే మిగిలి, నీకు నువ్వే టంచనుగా పలుకుతావు."

"తోలు ఎక్కడుంది?"

"ఉంది."

సరంగు దక్షిణం చూశాడు. మబ్బు సముద్రాన్ని తాకింది. "ఒక్కసారి. గొడ్డలి గొలుసు మీదే ఉంటాది. జవాబు రాపోతే ఇంకో ఎర్రగుడ్డ నా సేత్తో ఎత్తుతాను. ఎత్తగానే నరుకుతారు."

దానేసు భుజం చీరతో బిగించి ముందు తెప్పకి నడిచాను. గూట్లోంచి అమ్మ డప్పు తీశాను. నా తల్లి, ఆమె తల్లి మోగించిన డప్పు. కళ్ళకద్దుకుని కత్తితో చుట్టూ కోశాను. తోలు ఒక్క ముక్కగా వచ్చింది. నా వెంటే వచ్చిన, ఒక చెయ్యి విరిగిన ఎర్నమ్మే దాన్ని పళ్ళ మధ్య పట్టుకుని వెనక్కి పరిగెత్తింది. ఇంకెవరినీ నమ్మలేదు.

5. వాయుగుండం. పగలే చీకటి.

ఇది తర్వాత రాస్తున్నాను. అప్పుడు చేతులు ఖాళీ లేవు.

అల ముందు తెప్ప పైకెక్కి దిగుతోంది. తాళం తీసి, తోలు కట్టడానికి సరిపడా సమయం ఇచ్చాననుకున్నాక మీట నొక్కాను. సరంగు గుమ్మంలో ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడ్డాడు.

'అమ్మా గంగమ్మా, ముందున్నవాళ్ళని ఆపు, వెనకున్నవాళ్ళని చేర్చు.' రెండు దెబ్బలు. 'మధ్యన మమ్మల్ని.' మూడు. 'నలగనీకు.' ఇదివరకు తోక పలికే చోటు. ఏమీ లేదు. అలల చప్పుడు.

ప్రార్థన అయిపోయాక నాలుగు. ఎర్నమ్మ చోట కూర్చున్న పిల్లెవరో గానీ, బాగానే కొట్టింది.

సరంగు చెయ్యి లేచింది. గుడ్డ పట్టుకున్నాను.

"వొదలప్పా. అయిపోనాది."

"ఇంకోసారి చదవనీ."

"అమ్మోరి డప్పు సింపీసినావు. ఇంక ఎవురు వింతారు నీ పూజ!" చెంప మీద కొట్టాడు. తల మీటకి తగిలింది. నోట్లో పన్ను కదిలింది. గుడ్డ వదల్లేదు. రెండోసారి కొట్టాడు. ఈసారి మోకాలితో, పక్కటెముకల మీద. గుడ్డ సగం చినిగింది. చినిగిన సగం అతని చేతిలో, రెండోది నా చేతిలో. అతను గుమ్మం వైపు తిరిగాడు.

నెత్తురుతోనే మొదలుపెట్టాను. 'అమ్మా గంగమ్మా, ముందున్నవాళ్ళని ఆపు.'

అతను ఆగాడు. ఎందుకు ఆగాడో అడగలేదు, అతనూ చెప్పలేదు.

'వెనకున్నవాళ్ళని.'

ఒకటి. రెండు. మూడు. నాలుగు. చాలాసేపు ఏమీ లేదు.

ఐదు.

ఇంత ఆలస్యంగా తోక ఎప్పుడూ పలకలేదు. అందుకే నమ్మాను. మాట నడిచి వెళ్ళింది, చేరింది, ఎవరో విన్నారు.

"ఆలస్యం" అన్నాడు సరంగు.

"అవును. దూరం మరి."

గుడ్డ ముక్క అల మీదికి విసిరేశాడు. "ఇప్పుడేటి సెయ్యాలి?"

"ఎడమకి కొంచెం. కొంచెమే. తోక పలికాక ఇంకొంచెం."

ఆ రోజంతా అలాగే తిరిగాం. అడ్డంగా తిరిగిపోతామనుకున్నాడు. పోలేదు. కొంచెం నొక్కడం, ఆగడం, ఐదు దెబ్బలు విన్నాక మళ్ళీ నొక్కడం. తెప్పలు మూలిగాయి గానీ ఒకదాన్నొకటి పొడవలేదు. అల ఏడుగురిని తీసుకుంది. తెప్పలు ఒక్కరినీ నలపలేదు.

మధ్యాహ్నం దాటాక దెబ్బలు మారాయి. అంతకుముందు ఐదోది ఆగి ఆగి పడేది. తర్వాత ఐదూ ఒకేలా పడ్డాయి. ఎర్నమ్మ చెయ్యి అది, నాకు తెలుసు. అంటే ముందు కొట్టింది దానేసు. ఎడమ చేత్తో.

మీట వదిలి వెళ్ళలేదు. వెళితే మాట ఆగిపోతుంది.

6. తెరిపి. అల తక్కువ.

దానేసుని పడమటి వైపు నీళ్ళలో వదిలాం. ఎర్నమ్మ అతని చేతిని కూడా కట్టి పెట్టింది. వాయుగుండంలో ఇనపముక్కతోనే కొట్టారట. వేళ్ళలోంచి సుత్తి తియ్యడానికి కాస్త కష్టమైంది. "ఇదొక్కటి మనకి కావాలప్పా" అంది. మళ్ళీ, "మంచోడే, ఎదవ" అంది. అప్పుడు ఏడ్చింది.

బోడెమ్మని ఏం చెయ్యాలని సరంగు నన్నడిగాడు. నీళ్ళలోకి తొయ్యమని తోకవాళ్ళ మాట. ఆమె వాళ్ళ మధ్యనే కూర్చుని ఉంది, పారిపోలేదు. మొహం నిండా ఉమ్ములు.

ఒకసారి ప్రార్థన చదువుకున్నాను. ఇంకోసారి.

"తోకకి కాపలా కావాలి" అన్నాను. "ఎర్నమ్మ చెయ్యి విరిగింది. తన తెప్ప తనకుంది."

బోడెమ్మ తలెత్తింది. "నన్ను సంపీయప్పా."

"అక్కడ కూర్చో. ముల్లు కదిలితేనే కొట్టు. కదలకపోతే కొట్టకు. ఎంత ఆలస్యమైనా నిన్ను ఎవరూ ఏమీ అనరు."

"నా సెయ్యి వొణుకుతాది."

"వణకనీ."

నాలుగో తెప్ప స్తంభం మీది ఎర్రగుడ్డ తీసేశారు. సరంగు తనే తీశాడు. తెగిన గొలుసుకి అతుకు వేస్తున్నారు.

7. చలి. అల తక్కువ.

అమ్మ దయవల్ల ఐదు తెప్పలూ ఒక్క వరసలో ఉన్నాయి.

నూనె కాచి పోశాను. గూట్లో దీపం పెట్టాను. డప్పు లేదు. దాని చట్రం మాత్రం అమ్మ పక్కన ఆనించి ఉంచాను.

సీసా తిరగేసి మీట నొక్కాను. రెండు పలికింది. మూడు పలికింది. ప్రార్థన అయ్యాక ఎర్నమ్మ, విరగని చేత్తో, నాలుగు.

తోక పలకలేదు. ప్రార్థన మళ్ళీ మొదలుపెట్టాను. బోడెమ్మ చెయ్యి ఇంకా అలవాటు పడలేదు. సరంగు గుమ్మంలో నిలబడి ఏదో అడగబోయి మానేశాడు. రెండో ప్రార్థన అయిపోయింది.

నా తమ్ముణ్ణి నరికిన చెయ్యి అది. మూడోసారి మొదలుపెట్టాను.

'వెనకున్నవాళ్ళని చేర్చు' అంటుండగా ఒక దెబ్బ పడింది. మిగతా నాలుగింటి కోసం ఆగాను.